కుడివైపు మొదటి గుంట

నూర్ అహ్మద్ ఊపిరి బిగబట్టి, గోరంత పలకను పట్టకారుతో ఎత్తి, పసుపు దీపం కింద ఏటవాలుగా తిప్పి చూశాడు. దుమ్ము లేదు. ఉన్నా ఆయన కళ్లుగప్పడం దాని తరం కాదు. తిరుపతిలో ఇరవై ఏడేళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. సెల్‌ఫోన్లు వచ్చి గడియారాలను మింగేశాక కొట్టు మూసి, ఏర్పేడు దాటాక ఉన్న ఈ ప్రయోగశాలలో చేరాడు. తమాషా ఏమిటంటే, ఇక్కడ తయారుచేసేది ఆ సెల్‌ఫోన్లలో పెట్టే వస్తువే.

పరిశోధన యువ శాస్త్రవేత్త శ్రీవేదది. కరెంటు తగిలితే వణికే పలకలు రెండు రకాలు. ఒకటి గట్టిగా వణుకుతుంది గానీ వేడెక్కితే శ్రుతి తప్పుతుంది. రెండోదాని వణుకు తక్కువ, శ్రుతి మాత్రం తప్పదు. రెంటినీ జిగురు లేకుండా అతికిస్తే, ఫోనుకు కావలసిన సంకేతాన్ని వడగట్టి ఇచ్చే బిళ్ల తయారవ్వాలి. అతికించేది నూర్ అహ్మద్. నలభై రోజుల్లో ఐదు అతికించాడు. ఐదూ మూగవే. ఈ సాయంత్రానికి ఒక్కటైనా పలక్కపోతే ఈ పని కట్టిపెట్టమని శ్రీవేదకు పెద్దసారు చెప్పేశాడు. నూర్ అహ్మద్‌కూ ఉద్యోగంలో ఇదే ఆఖరి రోజు.

"మూగదాన్ని వదిలేసి ఇంటికి పోతే మా ఆవిడ దిల్షాద్ బీ నాకు అన్నం పెట్టదమ్మా" అన్నాడు పట్టకారులోని ఆ ఆరో పలకను చూస్తూ.

రేపటి నుంచి తనే చేసుకోవాలి కాబట్టి శ్రీవేద మొదటిసారి ఆయన పక్కన నిలబడి చూస్తోంది. పలకల పెట్టె వైపు వంగింది.

"ఇదేంది భాయ్, పన్నెండో గుంట కాడ ఎర్రచుక్క?"

నూర్ అహ్మద్ చెయ్యి ఆగిపోయింది. ఆ చుక్క మనవరాలు తరన్నుమ్ గోళ్లరంగుతో ఒకటో గుంట ఇదని ఆయన పెట్టుకున్న గుర్తే. కుడి నుంచి ఎడమకు ఉర్దూ రాసిన చెయ్యి. కొట్లో మరమేకుల పెట్టెలూ కుడి నుంచే మొదలయ్యేవి. మొదటి ఆరు గుంటల్లో సరైన ముఖం పైకున్న పలకలు, మిగిలిన ఆరింటిలో తర్వాత పోల్చిచూడటానికి తిరగేసినవి పెట్టానని, మొదటివే వాడమని శ్రీవేద ఆనాడు గది అద్దం అవతలి నుంచి చెప్పింది. ముఖమేదో కంటికి తెలియదు. ఆయన కుడివైపు నుంచి తీస్తూ వచ్చాడు. ఐదూ తిరగబడి అతికాయి. ఒక పొర ఉబ్బితే రెండోది కుంచించుకుంటుంది. ఇక బిళ్ల ఏం పలుకుతుంది?

నోరు మెదపకుండా ఎడమ నుంచి ఒకటి తీసి అతికిస్తే ఎవరికీ తెలియదు. పైగా మెచ్చుకుంటారు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకు సిగ్గేసింది.

"తప్పు నాదమ్మా. నేను ఈ పక్కనించి తీసినాను."

శ్రీవేద స్టూలు మీద కూలబడింది. "నలభై రోజులు, భాయ్!" కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుని, "ఏ పక్కనించో నేనూ చెప్పలేదు కదా" అంది.

"ఏడుపు రేపు పెట్టుకో తల్లీ. ఎడం పక్క ఆరూ అట్లే ఉండాయి. టైము తొమ్మిదిన్నరే. లెయ్!"

ఎడమవైపు మొదటి పలకను మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, రెండో రకం మీద ఆనించి నొక్కారు. మధ్యలో బుడగ లేదు. పొయ్యిలో వేడి కొంచెం కొంచెంగా పెంచి, అంతే నిదానంగా దించారు. తొందరపడితే పగులుతుంది. ఆయన అన్నం క్యారియరు మూత తీయనే లేదు.

అయిదుకు పది నిమిషాలుండగా సన్నని సూదులు బిళ్లకు ఆనించారు. తెర మీద గీత చదునుగా సాగి, సాగి, అనుకున్న చోట నిట్టనిలువుగా లేచింది. శ్రీవేద కేకపెట్టింది.

"ఇంకోసారి సూడు" అన్నాడు నూర్ అహ్మద్. రెండుసార్లు పరీక్షించనిదే ఆయన ఏ గడియారాన్నీ గిరాకీ చేతికి ఇచ్చి ఎరగడు. గీత మళ్లీ లేచింది. అప్పుడు నవ్వాడు.

పోతూ పోతూ ఎసిటోనుతో గుడ్డ తడిపి చుక్క తుడవబోయాడు. శ్రీవేద ఆయన చెయ్యి పట్టుకుంది. "ఉండనీండి."

"నీకు తికమక అవుతాదే?"

"అలవాటు చేసుకుంటా."

ఆయన క్యారియరు చంకన పెట్టుకుని తిరుపతి బస్సెక్కాడు. ఆ గదిలోకి మళ్లీ రాలేదు.

మర్నాడు కొత్త పలకలు వచ్చాయి. శ్రీవేద పెట్టెను ముందుకు లాక్కుని, కుడివైపు చివర ఎర్రచుక్క దగ్గరి గుంటలో ఒకటో పలకను పెట్టింది.