అక్తర్ వంతు పాట

"ఎర్రాని రాశిలోన ఎవరే దాగింది?
పొద్దు వాలిపోతుంటే ఎవరే రావాల్సింది?"

ఈ రెండు వరసల మధ్యా ఇంకొకటి ఉంది. చివర మరొకటి ఉంది. ధనమ్మకు అవి రావు. చిన్నప్పుడు రోజూ విన్నవే, కానీ ఎప్పుడూ ఆమె నోట పలికినవి కావు.

రెంటచింతలలో మిరపకల్లం మీద తాలుకాయలు ఏరేటప్పుడు ఆడపిల్లలు ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఒకతి ఒక వరస పాడితే ఎదుటిది రెండోది అందుకోవాలి. ఎవరి వంతు వాళ్లదే. ఎదుటిదాని వంతు నువ్వు పాడితే దాని కూలి లాక్కున్నట్టేనని పెద్దాళ్లు కసిరేవాళ్లు. ధనమ్మకు ఎదురుగా కూర్చునేది అక్తర్ బేగం.

ఆ పాట పాడితే పోయిన వస్తువు వచ్చేది. ఇద్దరూ కలిసి పాడిన రోజుల్లో నేరుగా ఒళ్లోకే వచ్చేది. నరసరావుపేట వచ్చాక ధనమ్మ ఒక్కతే పాడుతోంది గనక గడప దాకా వచ్చి ఆగిపోతోంది. ఆ పొద్దున కూడా అంతే. ఎదురింటి మస్తాన్‌రావు భార్య చెవికమ్మ పోయిందని వస్తే, ధనమ్మ వాకిలి ఊడుస్తూనే పాడింది. కమ్మ మురిక్కాలవలోంచి పైకెక్కి, దొర్లుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"లోపలికి రాదా పిన్నీ?"

"రాదమ్మా. వంగి తీసుకో."

"ఈ నడుంతో వంగాలా," అని సణుక్కుంటూ తీసుకుని పోయింది ఆమె.

అప్పుడే లోపల్నుంచి మనవరాలు శ్రీదివ్య పిలిచింది. "అమ్మమ్మా, ఒకసారి ఇట్రా."

కొత్త కంప్యూటర్ తెర నిన్ననే ఇంటికొచ్చింది. తెల్లగా వెలుగుతున్న ఆ తెర నడిమధ్యన నల్లని చుక్కలు. మిరపగింజకన్నా సన్నం. ధనమ్మ ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్న మనిషి. అవి ఏ పదంలోంచో జారిపడ్డ సున్నాల్లా కనిపించి, కొంగుతో తుడవబోయింది.

"తుడిస్తే పోయేవి కావు. అక్కడ వెలుతురు చచ్చిపోయింది," అంది శ్రీదివ్య.

ఆ పిల్ల కళ్ల పరీక్షల చదువు చదివింది. ఒక కంటి ఆసుపత్రి వాళ్లు ఊళ్లలో షుగరున్న మనుషుల కంటి లోపలి ఫొటోలు తీసి పంపుతారు. వాటిలో మచ్చలు ఎక్కడున్నాయో ఇంట్లో కూర్చుని గుర్తుపెట్టాలి. ఈ మధ్యాహ్నం మూడింటికి పరీక్ష. నెగ్గితే ఉయ్యాల పక్కనే ఉద్యోగం. తప్పితే పాలు తాగే బిడ్డను ధనమ్మకు వదిలి, గుంటూరులో హాస్టలు గది తీసుకుని, పాత ఆసుపత్రిలో మళ్లీ చేరాలి.

"ఈ చుక్కకూ కంట్లో మచ్చకూ తేడా ఎట్టా తెలుస్తుంది? బొమ్మ జరపడానికి కూడా కుదరదు, దానంతట అదే మారిపోతుంది."

తెర అమ్మిన షాపు కుర్రాడు సుహైల్‌ను పిలిపించారు. అతను తెర తిప్పి కింది అంచు చూశాడు, వేలితో రుద్దాడు. వేలు పచ్చగా అయింది.

"పసుపు ఎవరు పెట్టారు?"

ధనమ్మ గబగబా కొంగుతో ఆ అంచు తుడిచింది. కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా ఎట్టా? నిన్న తడిపసుపు రాసి, దాని మీద కుంకుమ అద్దింది. అది కిందకి కారింది.

"చుక్కలు దీనివల్ల కాదులే అమ్మమ్మా, అవి పుట్టుకతోనే ఉన్నాయి," అన్నాడు సుహైల్. "కానీ తడి లోపలికి పోయిందంటే కంపెనీ వాళ్లు వెనక్కి తీసుకోరు. ఇంత పెద్దది షాపులో ఇంకోటి లేదు. గుంటూరు నుంచి రావాలంటే రేపే."

శ్రీదివ్య ఒక మాట అన్నా బాగుండేది. బిడ్డను భుజాన వేసుకుని, వీధి వైపు తిరిగి నిలబడింది.

సుహైల్ వెళ్తూ గడప దగ్గర ఆగాడు. "ఒకసారి పాడి చూడకూడదా?"

ధనమ్మ తెర ముందు కూర్చుని పాడింది. నల్లచుక్కలు వణికాయి. బూడిదరంగుకు వచ్చాయి. అక్కడే ఆగిపోయాయి.

"వెలుతురు సగమే వచ్చింది," అంది శ్రీదివ్య. గోడ గడియారం రెండున్నర దాటింది.

మిగతా సగం అక్తర్ దగ్గరుంది. అక్తర్‌తో కల్లంలో చివరిసారి కూర్చున్నప్పుడు ఇద్దరి మధ్యా దోర చింతకాయలున్నాయి. ఉప్పు తెస్తానని ధనమ్మ ఇంటికి పోయింది. ఇంట్లో పెళ్లివారు కూర్చుని ఉన్నారు. ఇక కల్లానికి పోనియ్యలేదు. ఆ తర్వాత శుభకార్యాల్లో, చావుల్లో కలుసుకున్నారు గానీ, ఎదురెదురుగా కూర్చుని పాడింది లేదు.

ధనమ్మ ఫోను అందుకుంది. ఒక్కో అక్షరం వేలితో కూడబలుక్కుంటూ 'అక్తర్' పేరు వెతికి నొక్కింది. ఎత్తింది అక్తర్ మనవరాలు జెబా.

"నానీమా ఎవర్నీ గుర్తుపట్టట్లేదు అమ్మమ్మా. కన్నకూతురు, మా అమ్మని కూడా నువ్వెవరని అడుగుతోంది. నిన్నట్నుంచి గంజి కూడా మింగట్లేదు."

గోడ మీద గడియారం కదులుతూనే ఉంది.

"ఫోను దాని చెవి దగ్గర పెట్టు తల్లీ," అంది ధనమ్మ.

పాడింది. "ఎర్రాని రాశిలోన ఎవరే దాగింది?"

అవతల ఫ్యాను తిరిగే చప్పుడు. ఎవరిదో బరువైన ఊపిరి. ఇంకేం లేదు.

తెర మీద మొదటి బొమ్మ వచ్చేసింది. అస్తమించే సూర్యుడిలా గుండ్రని కన్ను. నడుమ బూడిద చుక్కలు. శ్రీదివ్య మౌసును చుక్కల మీదికి తెచ్చి ఆగింది. ఉయ్యాల్లో బిడ్డ ఏడుపు అందుకుంది. ఎవరూ కదల్లేదు.

ధనమ్మ మళ్లీ పాడింది. ఈసారి పాటలా కాదు, ఎదురుగా కూర్చున్నదాన్ని అడిగినట్టు.

ఎండిన గొంతు ఒకటి దగ్గింది. తర్వాత సన్నగా, వరస తప్పకుండా అందుకుంది.

"ఏడున్నా నీదాన్నే, ఏరుకోవే నన్ను."

"పొద్దు వాలిపోతుంటే ఎవరే రావాల్సింది?"

"దారి ఎరిగినదాన్నే, పిలుచుకోవే నన్ను."

బూడిద చుక్కలు ఒకదాని వెంట ఒకటి వెలిగాయి. చివరిది వెలిగినా, బొమ్మలో ఒక మూల మచ్చ మాత్రం అట్టాగే ఉండిపోయింది.

"ఇది తెరది కాదు అమ్మమ్మా, కంటిదే," అంటూ శ్రీదివ్య దాని చుట్టూ గీత గీసింది. ఎవరి కన్నో, ఏ ఊరిదో. తర్వాతి బొమ్మ వచ్చింది. ఆ పిల్ల ఇక తల తిప్పలేదు.

ధనమ్మ కాలితో ఉయ్యాల ఊపుతూ, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. పొద్దుగూకాక జెబా మళ్లీ చేసి, ఏడుస్తూ, నానీమా పోయిందని చెప్పింది. కానీ ఇప్పుడు ఇంకా ఎండ ఉంది. అవతల మంచం కిర్రుమంది. అక్తర్ లేచి కూర్చున్నట్టుంది. మతిమరుపు మనిషి గొంతు కాదది, కల్లంలో కూర్చున్న పిల్లది.

"ఉప్పు తేవడానికి ఇంతసేపా ఏందే ధనం? చింతకాయలు నేనేం తినలా, నీ వంతు ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నా."