మూలకి పెట్టిన ముద్దుపేరు

నారు షెడ్డులో బల్లలు ఎనిమిది. ఒక్కో బల్ల మీద ట్రేలు పన్నెండు. ప్రతి ట్రే నెత్తిన సన్నటి నీళ్ల గొట్టం, దానికో కరెంటు వాల్వు. ఏ ట్రేకి పూటకి ఎన్ని నిమిషాలు నీళ్లు పడాలో కంప్యూటర్‌లో ఒక పట్టిక ఉంది. అందులో అడ్డవరసలు బల్లలు, నిలువు వరసలు ట్రేలు. టమాటా ఉన్న గళ్లలో ఒక అంకె, మిరప ఉన్న గళ్లలో ఇంకో అంకె. ప్రోగ్రాం పొద్దున, సాయంత్రం ఆ పట్టిక చూసి వాల్వులు తిప్పుతుంది. పట్టిక కట్టింది మరిది. షెడ్డు వదినది.

వెనక గోడ వైపు మూలలో, చివరి రెండు బల్లల మీద చివరి మూడేసి ట్రేలలో తెల్లవంగ నారు ఉంది. కాయ కోడిగుడ్డంత, రంగూ అదే. ఆ విత్తనం ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు. నిరుడు కాయంతా పుచ్చిపోయింది, ఒక్కటీ విత్తనానికి నిలవలేదు. సీసా అడుగున మిగిలిన కాసినీ వదిన ఈ ట్రేలలో చల్లింది. ఈ నారు పోతే మళ్లీ తెచ్చుకునే చోటు లేదు.

ఆ రోజు పొద్దున్నే వదిన మూల ట్రేలో వేలు గుచ్చి చూసి, చీర చెంగుకి తుడుచుకుంది.

“ఈ గోడ పక్కన మట్టి ఆరడం లేదయ్యా. ఇట్లాగే ఉంటే మొదలు కుళ్లుతుంది.”

“నీళ్లు ఆపెయ్యనా వదినా?” అన్నాడు మరిది.

“ఆగు, తొందరపడకు. వీటికి ఆపితే ఆ నీళ్ల జోరంతా పక్కవాటి మీద పడుతుంది. లేత టమాటా నడుం విరుగుతుంది. ఎంత పెరుగుతుందో ముందు లెక్కలో చూపించు. నేను చెప్పేదాకా అసలు పట్టిక జోలికి మాత్రం వెళ్లకు.”

వాన్‌లోకి నారు ఎక్కిస్తున్న అన్న బయటినుంచి అన్నాడు. “చెయ్యి పెట్టకంటే వాడు కాలు పెడతాడే. ముందు అది చెప్పు.”

మరిది పట్టించుకోలేదు. గుమ్మం పక్కన చిన్న బల్ల మీద, తడి తగలకుండా ప్లాస్టిక్ కవరు కప్పిన కంప్యూటర్ ఉంది. కవరు పైకి మడిచి కూర్చున్నాడు. పట్టికలోంచి ఆ మూల వరకే తీసుకుని దానికో పేరు పెట్టాడు.

బుజ్జి = పట్టిక[6:8, 9:12]

చివరి రెండు బల్లలు, వాటిలో చివరి మూడు ట్రేలు అని దాని అర్థం. కంప్యూటర్ లెక్క సున్నా నుంచి మొదలుపెట్టి, రెండో అంకెకి ఒకటి ముందే ఆపేస్తుంది కాబట్టి అంకెలు అట్లా ఉంటాయి. తర్వాత బుజ్జిలో అన్ని గళ్లలోనూ సున్నా పెట్టి, మోటారు జోరు ఎంత పెరుగుతుందో లెక్క కట్టించాడు.

“పెద్దగా ఏం పెరగదు వదినా. చూడు.”

వదిన వంగి చూసింది. “సరే. అయినా ఇప్పుడొద్దు. తిరిగి వచ్చాక సగానికి తగ్గిద్దాం. ఇప్పుడు ఏమీ మారలేదు కదా?”

“అసలు పట్టిక ముట్టుకోలేదు. ముక్క కోసి పక్కన పెట్టుకుని చూశా, అంతే.”

ఆమె నమ్మింది. అన్నతో కలిసి వాన్ ఎక్కి వెళ్లిపోయింది. నారు దింపవలసిన తోట దూరం, నాటు అయ్యేదాకా మూడు రోజులు అక్కడే ఉండాలి.

సాయంత్రం మరిది గుమ్మంలో నిలబడ్డాడు. గొట్టాలు చిమ్ముతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత రోజూ పొద్దునా సాయంత్రమూ అట్లాగే విని వెళ్లిపోయాడు. లోపలికంటా వెళ్లి మూల చూడలేదు. చూడవలసిన పని ఉందని అనుకోలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎండ రేకు మీద మాడుతుండగా వాన్ వచ్చింది. వదిన చేతిలో సంచి దించకుండానే మూలకి నడిచింది. నారు ట్రే అంచుల మీదకి వాలిపోయి ఉంది. మట్టి అంచులనుంచి విడిపోయింది. గోడ పక్క తడి ఎప్పుడో ఆరిపోయింది.

ఆమె సంచి నేల మీద పడేసి, వెడల్పాటి తొట్టెలో కాసిని నీళ్లు పోసి, ట్రేలను ఒకటొకటిగా అందులో పెట్టింది. పైనుంచి పోస్తే వాలిన మొక్క మట్టిలో కూరుకుపోతుంది. అడుగునుంచి పీల్చుకోవాలి. ఆ పని అయ్యాక మరిది వైపు తిరిగింది.

“ఎవరు ఆపారు?”

“నేను ఆపలేదు వదినా.”

“మరి దయ్యాలు ఆపాయా?”

“వాల్వు పట్టేసి ఉంటుంది.”

“ఆరు వాల్వులూ కూడబలుక్కుని పట్టేశాయా?”

అన్న అప్పుడే లోపలికి వచ్చాడు. తొట్టె చూశాడు, ఇద్దరి మొహాలూ చూశాడు. “ఒరేయ్, చేస్తే చేశానని చెప్పు. మీ వదిన తిట్టి ఊరుకుంటుంది. అబద్ధం చెప్పావనుకో, అన్నం పెడుతుంది గానీ మాట్లాడదు. నాకు తెలుసు.”

“చెయ్యలేదు అన్నయ్యా! చెయ్యందాన్ని చేశానని ఎట్లా చెప్పను?”

“అయితే చేసిందెవరో కనుక్కుని రా,” అంది వదిన. “ఈలోగా నా కళ్ల ముందు ఉండకు.”

మరిది నిచ్చెన వేసుకుని ఆరు వాల్వులూ చేత్తో తిప్పి చూశాడు. అన్నిట్లోంచీ నీళ్లు వచ్చాయి. తీగలు లాగి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. ఇక మిగిలింది పట్టిక. తెర మీద దాన్ని మొత్తం పరిచాడు. కింద, కుడిచేతి మూలన, ఆరు సున్నాలు.

 తను సున్నాలు పెట్టింది బుజ్జిలో. పట్టికలో కాదు. వేరే ఎవరూ ఈ కుర్చీలో కూర్చోలేదు.

అప్పుడు ఒక చిన్న పట్టిక కట్టాడు. రెండు వరసలు, అన్ని గళ్లలోనూ ఐదు. ఒక మూల తీసి దానికి ఒక పేరు పెట్టి, అందులో తొమ్మిది వేశాడు. చిన్న పట్టిక చూపించమని అడిగాడు. మూలన తొమ్మిది ఉంది.

అతను మొదట్లో నేర్చుకున్నది ఒక్క వరసగా ఉండే మామూలు జాబితాలు. వాటిలోంచి ముక్క తీస్తే నిజంగానే వేరే ముక్క వస్తుంది. దాన్ని ఏం చేసుకున్నా అసలుకి తగలదు. ఈ రెండు దిక్కుల పట్టికలది వేరే పద్ధతి. ఆ తేడాతో అతనికి అప్పటిదాకా పని పడలేదు.

లేచి తొట్టె దగ్గరికి వచ్చాడు.

“నేనే వదినా.”

వదిన తల ఎత్తలేదు. “ముక్క కోసి పక్కన పెట్టుకున్నానన్నావు.”

“కోశాననుకున్నా. అది కొయ్యదు. కోసి ఇమ్మని విడిగా చెప్పాలి. చెప్పకపోతే ఆ గళ్లకే ఇంకో పేరు తగిలిస్తుంది, అంతే. ఇప్పుడు... ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉంటాయి చూడు. ఇంటి పేరు కాదు, ముద్దుపేరు. ముద్దుపేరుతో పిలిచి కొట్టినా దెబ్బ ఆ పిల్లకే తగులుతుంది.”

“ఏం పేరు పెట్టావేంటి?” అన్నాడు అన్న.

మరిది కాస్త నసిగాడు. “బుజ్జి.”

“ఆహా. ముద్దుపేరు పెట్టి మరీ చంపావన్నమాట!”

“మీరు ఊరుకోండి,” అంది వదిన. ఆమె పెదవి ఒక పక్కకి కదిలింది గానీ నవ్వు బయటికి రాలేదు. “అబద్ధం చెప్పలేదు కదా, అది చాలు. కానీ లోపలికి వచ్చి ఒక్కసారి చూడొచ్చుగా? చప్పుడు విని వెళ్లిపోతే ఎట్లా?”

 మరిది పట్టిక దగ్గరికి పోయి పాత అంకెలు మళ్లీ వేశాడు. బుజ్జి అని రాసిన చోట చివర కాపీ అన్న మాట చేర్చి, మళ్లీ సున్నాలు పెట్టి చూశాడు. ఈసారి పట్టిక కదలలేదు. అయినా నమ్మకం చాలక ఇంకో రెండుసార్లు చూశాడు.

మర్నాడు తెల్లారాక ముగ్గురూ మూలన నిలబడ్డారు. నారు కొంత లేచింది. చాలావరకు లేవలేదు. వదిన ఒక్కో మొక్కని గోటితో ఎత్తి చూస్తూ పోయింది. కాండం పచ్చగా గట్టిగా ఉన్నవాటిని వేరుతో సహా తీసి చిన్న కప్పుల్లో నాటింది. మిగతావి ట్రేలోనే వదిలేసింది. చివరికి కప్పులన్నీ కలిపి ఒక పళ్లెంలో సరిపోయాయి.

“సరిపోతాయా?” అన్నాడు అన్న. ఈసారి ఆయన గొంతులో వెటకారం లేదు.

“కూరకి చాలవు. విత్తనానికి చాలు. కాపాడుకుంటే.”

పళ్లెం ఎత్తుకుని షెడ్డు బయటికి నడిచింది. వంటింటి వెనక, పొద్దుటి ఎండ పడి మధ్యాహ్నానికి నీడ వచ్చే అరుగు మీద పెట్టింది. మరిది వెనకే వచ్చాడు.

“వదినా, మరి ఆ మూల ఇప్పుడు ఖాళీ. నీళ్లు దండగ.”

“సున్నా పెట్టు.”

“అసలు పట్టికలోనే?”

“అసల్లోనే. ముద్దుపేరుతో కాదు, పూర్తి పేరుతో పెట్టి, నాకు మొత్తం చూపించు.”

అతను పెట్టాడు. ఆమె వచ్చి తెర మీద వేలు పెట్టి పై వరస నుంచి కింది దాకా నిదానంగా చూసింది. కింద ఆరు సున్నాలు తప్ప అన్నీ మునుపటి అంకెలే.

“సరే. అరుగు మీదవాటికి గొట్టం లేదు,” అంది. “సాయంత్రం చెంబుతో నువ్వే నీళ్లు పొయ్యి. మట్టి మీద పొయ్యకు, పళ్లెంలో పొయ్యి. పోశాక అక్కడే నిలబడి చూడు.”

మరిది సరేనన్నాడు. చెంబు ఎక్కడుందో అడిగి వెళ్లాడు.