ఘాట్ దిగిన మైనస్ గుర్తు

నేను ఒక రేకుముక్కను. చూపుడువేలంత పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు. ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారులో స్టీరింగు చక్రం వెనక, ఎడమవైపు ఉంటాను. నన్ను పాడిల్ అంటారు. నా ముఖం మీద మైనస్ గుర్తు ఉంటుంది. కుడివైపున నా కవల సోదరుడు ఉంటాడు, వాడిది ప్లస్ గుర్తు. వాణ్ణి వేలితో లాగితే గేరు ఒకటి పెరుగుతుంది, నన్ను లాగితే ఒకటి తగ్గుతుంది.

ఆటోమేటిక్ కారుకి గేర్లేమిటని మీరు అడగవచ్చు. గేర్లు ఉంటాయి. క్లచ్చు తొక్కే పని లేదు కాబట్టి ఎవరికీ గుర్తుండవు, అంతే. గేరుపెట్టె తనకు తోచినట్టు మార్చుకుంటూ పోతుంది. తోచనప్పుడు చెప్పడానికి మేమిద్దరం ఉన్నాం. ముఖ్యంగా కొండ దిగేటప్పుడు నా అవసరం పడుతుంది. గేరు తగ్గిస్తే చక్రాలే ఇంజన్ని మోసుకుంటూ తిప్పవలసి వస్తుంది. ఆ బరువుకి కారు దానంతటదే నెమ్మదిస్తుంది, బ్రేకులు ఊపిరి పీల్చుకుంటాయి. ఇంజను మాత్రం గట్టిగా అరుస్తుంది. అది కోపం కాదు, పని చేస్తున్న చప్పుడు.

నా మొదటి యజమాని హైదరాబాదులో ఫ్లాట్లు కట్టించే విశ్వంభరరెడ్డి గారు. బండి పూజనాడు వాళ్ళ మేనత్త కుంకుమ పళ్ళెంతో లోపలికి వంగి నన్ను చూసింది.

“ఇదేందిరా, కొత్త బండి మీద తీసివేత గుర్తు?”

“అది గేరుకు సంబంధించింది అత్తా.”

“ఏదైతేంది. ఆ పక్క కూడిక, ఈ పక్క తీసివేత. వచ్చిందంతా వచ్చినట్టే పోతది.”

అంటూనే ఉంగరపు వేలితో నా మైనస్ మీద కుంకుమతో నిలువుగీత గీసేసింది. నేను ప్లస్ అయిపోయాను. కుంకుమ రాలిపోతే దోషం మళ్ళీ వస్తుందని రెడ్డిగారు మర్నాడే స్టిక్కర్ల షాపుకు తీసుకెళ్ళి, ఆ గీత మీద సరిగ్గా నా మైనస్ రంగులోనే ఉన్న చీలిక అతికించి, పైన వార్నిష్ కూడా పూయించారు. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదాయన. అలా పుట్టిందేమో తగ్గించడానికి, పేరేమో పెంచేవాడిది అన్నట్టయింది నా బతుకు. రెండేళ్ళలో ఆయన నన్ను ఒక్కసారి కూడా లాగలేదు. ఇంటినుంచి కాఫీ షాపుకీ, కాఫీ షాపునుంచి ఇంటికీ తిరిగేవాళ్ళం. చివరికి ఆ పల్లపు సీట్లోంచి ఆయన్ని పైకి లాగడానికి ఇద్దరు మనుషులు కావలసి రావడంతో కారు అమ్మేశారు.

కొన్నది విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు కింతలి దివాకర్. మెత్తని మనిషి. కారుతో పాటు రావలసిన పుస్తకం బ్రోకరు దగ్గరే పోయింది. దివాకర్‌కు స్టీరింగు వెనక రెండు ప్లస్‌లు కనిపించాయి. బీచ్ రోడ్డులో ఒక ఉదయం కుడివైపుది లాగి చూశాడు. గేరు పెరిగి ఇంజను చప్పుడు తగ్గింది. ఎడమవైపు నన్ను లాగాడు. ఇంజను గయ్యిమంది. అదిరిపడి వదిలేశాడు. పళ్ళ డాక్టరుకి అరుపంటే ఒకటే అర్థం, తగలకూడని చోట తగిలిందని. కుడిది ఉత్తుత్తి ప్లస్, ఎడమది ప్రమాదకరమైన ప్లస్ అని ఆయన తీర్మానించుకున్నాడు. ఆ తర్వాత నా వైపు వేలు రానీయలేదు.

ఆ రోజుల్లోనే శృంగవరపుకోటలో పశువుల డాక్టరుగా పనిచేసే నీలవేణి, పన్ను నొప్పితో ఆయన దగ్గరికి వచ్చింది. నోట్లో దూది కూరి ఉండగానే, గేదె పన్ను పీకడానికి తను ఇందులో సగం హడావిడి కూడా చెయ్యనని చెప్పిందట. దివాకర్ ఆ మాట కారులో కూర్చుని తనలో తను చెప్పుకుని చాలాసేపు నవ్వుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. ఆయన తల్లిదండ్రులు సరేనన్నారు. మిగిలింది ఆమె తండ్రి.

గొర్లె సన్యాసినాయుడు గారు అరకు ఘాట్ రోడ్డు మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. చివరి ఎనిమిదేళ్ళూ కొత్త డ్రైవర్లకు పాఠం చెప్పారు. ఆయన పరీక్ష ఒకటే. ఘాట్ దిగాక, అడుగున బండి ఆపించి, చక్రం మీద చేతివెనక ఆనించి పది లెక్కపెడతారు. చెయ్యి నిలిస్తే పాసు. బ్రేకు తొక్కి తొక్కి వేడెక్కిన చక్రానికి చెయ్యి కాలి వెనక్కి తీసుకోవలసి వస్తే, “కండక్టరు పరీక్ష రాసుకో బావూ” అని పంపేస్తారు.

సంబంధం మాట్లాడడానికి వెళ్ళిన దివాకర్‌తో ఆయన అన్నది కూడా అదే.

“జాతకాలు నాకొద్దు. మా అమ్మాయిని ఎక్కించుకుని తిరగతావు. ఆ బండి నీకు దింపడం ఒచ్చునో నేదో నాకు తెలవాలి. రేపు పొద్దున్నే నన్ను పైకి తీసుకెళ్ళు, కిందికి దింపు. సెయ్యి నిలిస్తే నీ మాట, నిలకపోతే నా మాట.”

“అలాగే అంకుల్,” అన్నాడు దివాకర్.

కారు దాకా సాగనంపడానికి వచ్చిన నీలవేణి, “బ్రేకు తక్కువ తొక్కండి,” అని చెప్పింది.

“తొక్కకపోతే ఎలా ఆగుతుంది?”

“నాకేటి తెలుసు. మా గేదెలు వాటంతటవే ఆగుతాయి.”

మా కారులో ఉన్నవి రెండే సీట్లు. అంచేత మర్నాడు ఆమె ఘాట్ అడుగున టీ కొట్టు దగ్గర దిగిపోయి, బస్సులో అక్కడికి వచ్చి ఉన్న తండ్రికి చోటిచ్చింది.

నాయుడుగారు మోకాళ్ళు గుండెకు ఆనించుకుని లోపలికి దిగారు. “ఇది కూకోడానికా, తొంగోడానికా?” అన్నారు. ఎక్కడం బాగానే సాగింది. పైన కాఫీ తోటల దగ్గర బండి తిప్పారు. దిగడం మొదలైంది.

దివాకర్ ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కాడు. మలుపుకీ మలుపుకీ మధ్య కూడా తొక్కాడు. గేరుపెట్టెకు పల్లం సంగతి పట్టలేదు. హాయిగా ఆరో గేరులో కూర్చుంది. నాయుడుగారి కుడికాలు కారు నేల మీద లేని బ్రేకుని తొక్కుతోంది. ఆయన ముఖం నేను దగ్గరినుంచి చూశాను. పరీక్ష పెట్టినవారిలా లేరు. పరీక్ష రాస్తున్న పిల్లాడి తండ్రిలా ఉన్నారు.

ఐదో మలుపు దగ్గర ఆయన ముక్కుపుటాలు కదిలాయి.

“ఏటి బావూ ఆ కంపు?”

“ఎవరో చెత్త కాలుస్తున్నట్టున్నారు అంకుల్.”

“కాల్తన్నది నీ బ్రేకులు. గేరు దించు.”

“ఇందులో గేర్లుండవండి. ఆటోమేటిక్.”

“గేర్లు నేని బండి ఘాట్ ఎలాగెక్కిందేటి, మొక్కుకుంటే ఎక్కిందా? అదిగో, ఆ డయల్లో ఆరు అని సూపిస్తంది. ఆరేటి మరి?”

బ్రేకు పెడలు మెత్తబడి లోపలికి పోతోందని దివాకర్ పాదానికి తెలుస్తోంది. నాయుడుగారి కళ్ళు డయలు మీదినుంచి దిగి నా మీద పడ్డాయి.

“ఈ రేకేటి?”

“దాన్ని ముట్టుకోకండి. అది లాగితే బండి రెచ్చిపోతుంది. ఇంజను అరుస్తుంది.”

“అరిసినప్పుడు బండి ముందుకు దూకిందా, ఎనక్కి పట్టిందా?”

దివాకర్ ఆలోచించాడు. ఏడాదిగా ఆ ప్రశ్న ఆయనకు ఎవరూ వెయ్యలేదు, తను కూడా వేసుకోలేదు. “చూసుకోలేదండి. భయమేసి వదిలేశాను.”

“సెవులు మూసుకుని నడుంతో సూసుకోవాల. లాగు.”

దివాకర్ కళ్ళు చిట్లించి నన్ను లాగాడు. గేరుపెట్టె ఒప్పుకోలేదు. టింగుమని ఒక గంట కొట్టి ఊరుకుంది. వేగం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు గేరు దించితే ఇంజను పాడవుతుందని దాని భయం. నాయుడుగారికి ఆ గంట అర్థం కావడానికి క్షణం పట్టలేదు.

“మర్యాదగల పెట్టె. ముందు ఒక్కపాలి బ్రేకు గట్టిగా తొక్కి ఒగ్గీ. ఇప్పుడు లాగు.”

లాగాడు. ఐదు. ఇంజను అరిచింది. దివాకర్ వేలు వెనక్కి పోబోయింది. “అరవనీ,” అన్నారు నాయుడుగారు. “దాని పని అది సేసుకుంటంది. మళ్ళీ లాగు.” నాలుగు. “మళ్ళీ.” మూడు. కారు మొత్తం వెనక్కి సర్దుకుని కూర్చున్నట్టయింది. దివాకర్ పాదం పెడలు మీదినుంచి లేచింది. రోడ్డు దిగుతూనే ఉంది, కారు మాత్రం పరుగెత్తడం లేదు. ఆయన నోరు తెరిచి అలాగే ఉంచుకున్నాడు, తన రోగుల్లాగే.

కాసేపు నన్నెవరూ ముట్టుకోకపోతే గేరుపెట్టె మళ్ళీ తన ఇష్టానికి వెళ్ళిపోతుంది. డయల్లో మళ్ళీ నాలుగు కనబడగానే నాయుడుగారు, “మరిసిపోనాది, గుర్తుసెయ్యి,” అనేవారు. అలా మిగిలిన మలుపులన్నీ దిగాం. తయారైన ఇన్నేళ్ళకి నాకు ఉద్యోగం దొరికింది. వేలు తగిలిన ప్రతిసారీ నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

కానీ మొదటి ఐదు మలుపుల వేడి చక్రాల్లో అలాగే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. నాయుడుగారికీ తెలుసు.

టీ కొట్టు దగ్గర నీలవేణి గాజు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. రెండో చేత్తో తండ్రిని సీట్లోంచి పైకి లాగింది. ఆయన పంచె సర్దుకుని ముందు చక్రం దగ్గరికి నడిచారు. దివాకర్ దిగకుండా స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు. నాయుడుగారు వంగబోయారు. సెగ ముఖానికి కొట్టి ఉంటుంది, సగంలో ఆగిపోయారు.

“ఏటి నాన్నా?” అంది నీలవేణి.

“నడుం పట్టేసింది. ఒంగలేకపోతన్నాను,” అన్నారు.

అని, నెమ్మదిగా వెనక చక్రం దగ్గరికి నడిచి, అక్కడ ఏ ఇబ్బందీ లేకుండా గొంతుక్కూర్చున్నారు. కారు బ్రేకు వేస్తే భారమంతా ముందు చక్రాల మీదే పడుతుందనీ, వెనకవి అంతగా వేడెక్కవనీ ముప్ఫై ఒక్క ఏళ్ళు బండి నడిపిన మనిషికి తెలియకపోవడం జరగదు. చేతివెనక ఆనించి, ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టారు. పది దాటి పన్నెండు దాకా వెళ్ళారు.

“సల్లగుంది.”

నీలవేణి గ్లాసు ఒలికి రెండు చుక్కలు ముందు చక్రం మీద పడ్డాయి. సుయ్యిమని ఆవిరైపోయాయి. ఆ చప్పుడు ముగ్గురికీ వినిపించింది. నీలవేణి తండ్రి వైపు చూసింది. ఆయన కొండ వైపు చూశారు.

“మీ అమ్మా నాన్నల్ని ఆదివారం తీసుకురా బావూ,” అన్నారు దివాకర్‌తో. “ఆళ్ళు భోంచేసి కూకుంటారు. మనిద్దరం ఇంకోపాలి పైకెళ్ళొద్దాం. ఈపాలి మొదటి మలుపుకాడినుంచే ఆ రేకు లాగుదువు గాని.”

ఆ ఆదివారం వెళ్ళాం. ఆ తర్వాతి ఆదివారం కూడా. ఐదో ఆదివారానికి పెళ్ళి అయిపోయింది. పాఠాలు మాత్రం ఇప్పటికీ జరుగుతున్నాయి. ఘాట్ అడుగుకి రాగానే దివాకర్ తనే దిగి ముందు చక్రం మీద చేతివెనక ఆనించి లెక్కపెడతాడు. ఇప్పటికి ఏడు దాకా వచ్చాడు.