ఇసుకలో కాళ్ళు

తమ్ముడు యెర్జిగిత్‌కి కుల్పాష్ తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. అది ఒంటికి పట్టాలని అతను రోజూ మింగే మందులు రోగాలను తట్టుకునే శక్తిని హరించేశాయి. రెండేళ్ళు ఇల్లు కదల్లేదు.

"అక్కా, ఒక్కసారి సముద్రం చూపించవే" అని వేసవిలో బతిమాలితే, అక్తావు బీచికి ఆమే తీసుకెళ్ళింది. కాస్పియన్ నీళ్ళలో కాసేపు నిలబడ్డాడు. వేడి ఇసుకలో మోకాళ్ళదాకా కప్పించుకుని, పుచ్చకాయ తింటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. మడమ మీది పగులు ఇద్దరికీ గుర్తు రాలేదు.

పది రోజులకి మడమ నల్లబడింది.

"ఇసుకలోనో నీళ్ళలోనో ఉన్న బూజు పగులులోంచి లోపలికి పోయుంటుంది. మనల్ని అది ఏమీ చెయ్యదు. ఇతనికి రక్తంలో కలిసిపోయింది" అంది డాక్టరమ్మ.

కుల్పాష్ మంచం పక్కన కూలబడింది. "నా చేతులతో నేనే చంపుకున్నానురా."

"ఊరుకోవే. నీ కిడ్నీ ఇప్పటికీ భేషుగ్గా ఉందట, చెడింది తక్కినదంతా" అన్నాడు యెర్జిగిత్, నవ్వబోయి దగ్గుతూ. "ఆ రోజు నేను రోగినన్న సంగతే మర్చిపోయాను, తెలుసా?"

సెప్టెంబరులో పోయాడు. నలభయ్యో రోజు భోజనాలకు చుట్టాలంతా వచ్చారు. ఎందుకు తీసుకెళ్ళావని కుల్పాష్‌ని ఒక్కరూ అడగలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని, అప్పుడైనా ఏడవచ్చని, ఆఖరి మనిషి గడప దాటేదాకా ఆమె ఎదురుచూసింది.