అవును, నేనే

పరాయి దేశంలో ఇంటర్నెట్ కోసం పడే పాట్లు పగవాడికి కూడా వద్దు. మన ఇంజనీరమ్మ ఆ దేశంలో దిగిన దగ్గర్నుంచీ పడుతున్నది అవే. బిస్కెట్లకి కాగితం చుట్టే యంత్రం బిగించి రమ్మని కంపెనీ ఆవిణ్ణి పంపింది. యంత్రానికి నడక నేర్పేది ల్యాప్‌టాప్. నడకలో ఏ కాస్త తేడా వచ్చినా సొంత ఊళ్ళో ఉన్న ఆఫీసుని అడగాలి, అడగాలంటే నెట్ ఉండాలి. ఫ్యాక్టరీవాళ్ళు బయటివాళ్ళకి తమ నెట్ ఇచ్చేది లేదన్నారు. లాడ్జిలో ఉందంటే ఉంది. మెట్ల దగ్గర నిలబడితే వస్తుంది, మంచం మీద కూర్చుంటే పోతుంది. దాంతో ఆవిడ ల్యాప్‌టాప్‌ని చంకన పెట్టుకుని, పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు, కాఫీ కొట్టుకీ బస్టాండుకీ లైబ్రరీకీ తిప్పింది.

వెళ్ళిన ప్రతి చోటా తెర మీద అదే ప్రశ్న. "కొత్త చోటి నుంచి మీ మెయిల్ తెరుస్తున్నారు. మీరేనా?" అని. కింద రెండు గళ్ళు: 'అవును, నేనే' అని ఒకటి, 'కాదు' అని ఒకటి. ఆ ప్రశ్న పక్కన ఊరి పేరు కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొదట్లో ఆవిడ చదివేది. కానీ ఆఫీసువాళ్ళు జాగ్రత్త కోసమని నెట్‌ని తమ దగ్గర్నుంచి చుట్టు తిప్పి పంపుతారు, అందుకని ఇక్కడ కూర్చుని తెరిచినా ఒక్కోసారి సొంత ఊరి పేరే చూపించేది. "నేను కాకపోతే మా తాతా?" అని దాన్ని కసిరి, 'అవును, నేనే' నొక్కేసేది. తర్వాత్తర్వాత ఊరి పేరు చదవడమే మానేసింది. చదవాల్సింది తల్లీ! ప్రాణం మీదికొచ్చే సంగతులన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంటాయని అంత చదువుకున్నదానికి తెలియొద్దూ?

ఆవిడకి ఒక చెల్లెలు. పేరు పెట్టి ఎవరూ పిలవరు, పిట్ట అంటారు. ఆ పిట్టని మొగుడు కొట్టని రోజు లేదు. చివరికి అక్కే వెళ్ళి, కట్టుబట్టలతో తీసుకొచ్చేసింది. "ఎక్కడ దాచినా వెతికి పట్టుకుంటాను, దాన్ని బతకనివ్వను" అని వాడు వీధిలో నిలబడి అరిస్తే నలుగురూ విన్నారు. అక్క ఊరికి ఆ చివర మేడ మీద గది చూసి పిట్టని పెట్టింది. కొత్త ఫోన్ నంబరు ఇప్పించింది. గది ఎక్కడో, నంబరు ఏదో తనకి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. విమానం ఎక్కే ముందు ఒకటికి పదిసార్లు చెప్పింది. "అక్కడ నా ఫోన్ పని చెయ్యదు. ఏదున్నా మెయిల్‌లోనే. నేను రాస్తే తప్ప గడియ తియ్యకు. నేను రాస్తే మాత్రం ఎందుకూ ఏమిటీ అని అడక్కు." పిట్ట తలూపింది. చిన్నప్పట్నుంచీ అక్క మాట దానికి వేదవాక్కు.

అంతా బాగానే ఉంది. కానీ వాడు వాళ్ళ పుట్టింట్లో అల్లుడిగా తిరిగిన రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఒకటే పాస్‌వర్డ్. కరెంటు బిల్లుకి అదే, సినిమా టిక్కెట్లకి అదే, మెయిల్‌కీ అదే. గుర్తుండొద్దూ మరి! వాడితో తెంచుకున్నాక గుమ్మానికి తాళం మార్చారు. పాస్‌వర్డ్ సంగతి ఎవరికీ తట్టలేదు. ఊరందరి యంత్రాలకీ పాస్‌వర్డ్‌లు పెట్టి వచ్చే మనిషికి కూడా తట్టలేదు. ఏం చెప్తాం, దీపం కింద చీకటి.

ఆ వేళ ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకి ఆవిడ తిప్పలు చూసి జాలేసింది. మంచి మనిషి. పైవాళ్ళతో మాట్లాడి నెట్ ఇప్పించాడు. యంత్రం పక్కనే స్టూలు వేసుకుని, అట్టపెట్టెల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని తెరిచింది. మళ్ళీ ఆ ప్రశ్నే వచ్చింది. నొక్కేసింది. మెయిల్ చకచకా తెరుచుకుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

అన్నిటికన్నా పైన పిట్ట రాసిన మెయిల్ ఉంది. అప్పుడే వచ్చింది.

"అలాగే అక్కా. నువ్వు చెప్పినట్టే గడియ తీసి ఉంచాను. బీరువా ఎంతసేపట్లో తెస్తారు?"

ఏ బీరువా? జవాబు రాద్దామని చెయ్యి పెట్టేలోగా ఆ మెయిల్ కళ్ళముందే మాయమైంది. నెట్ పోయిందేమో అనుకుంది. పోలేదు. మిగతావన్నీ ఉన్నచోటే ఉన్నాయి. 

చెత్తబుట్టలో వెతికింది. మాయమైంది అక్కడుంది. దాని కింద, తన పేరుతో పిట్టకి వెళ్ళిన మెయిల్ ఉంది.

"పిట్టా, నీ బట్టల బీరువా వాడి దగ్గర్నుంచి విడిపించాను. మనుషులు తెస్తున్నారు. గడియ తీసి ఉంచు. నువ్వు మాత్రం వాళ్ళ కంటపడకు, లోపల వంటింట్లో ఉండు. జాగ్రత్తే."

జాగ్రత్తే! ఆ మాట తనది. ప్రతి మెయిల్ చివరా తను రాసే మాట. వాడు కూర్చుని అన్నీ చదువుకున్నాడన్నమాట. అద్దె రసీదులో గది ఎక్కడుందో చదువుకున్నాడు, తను చెల్లెల్ని ఎలా పిలుస్తుందో చదువుకున్నాడు. లోపలికి రానిచ్చిందెవరు? తనే. సొంత ఊరి నుంచి వాడు తలుపు తడితే ఆ ప్రశ్న ఇక్కడ తన తెర మీదికొచ్చింది, తను 'అవును, నేనే' అంది.

"గడియ వేసుకో. బీరువా లేదు. వాడొస్తున్నాడు" అని రాసి పంపింది. జవాబు లేదు. సూపర్‌వైజర్ చెయ్యి పట్టుకుని ఫోన్ అడిగింది. ఆవిడ ముఖం చూసి అతను మారుమాట్లాడకుండా ఇచ్చేశాడు. పిట్ట నంబరు ఆవిడకి కంఠతా వచ్చు. మోగుతోంది. మోగుతూనే ఉంది. "ఎత్తవే, ఎత్తవే నా తల్లీ."

ఎత్తారు.

"పిట్టా!"

"వదినా, బాగున్నారా?" మరిది గొంతు. నెమ్మదిగా, పెళ్ళిలో పలకరించినట్టుంది. "ప్రయాణం బాగా సాగిందా? ఒంట్లో కులాసాయేనా?"

 ఏడిస్తే వాడు ఫోన్ పెట్టేస్తాడు. "కులాసాయే బాబూ. నువ్వెలా ఉన్నావు?" అంది. అంటూనే రెండో చేత్తో ఆఫీసువాళ్ళకి యంత్రం సంగతులు రాసే చాట్‌లో పిట్ట చిరునామా కొట్టింది. పోలీసుల్ని పంపమంది, మీరూ వెళ్ళండంది, ప్రాణం పోయే పని అంది.

"నాకేం వదినా. మీరే కష్టపడుతున్నారు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ఒప్పుకున్నారు. మీ మేలు మర్చిపోను."

తెర మీద ఆఫీసు జవాబు వచ్చింది. బయల్దేరుతున్నాం, పోలీసులకీ చెప్పాం, ఊరికి ఆ చివర కదా, కాస్త పడుతుంది అని.

"అన్నం తిన్నావా నాయనా?" అంది ఆవిడ. ఇంకేం అడగాలో తోచలేదు. యంత్రం సంగతి చెప్పింది, ఇక్కడి చలి సంగతి చెప్పింది. వాడు ఊఁ కొడుతున్నాడు. వెనక ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పిట్ట ఉన్నచోట చప్పుడు లేకపోవడమేమిటి? పక్కింటివాళ్ళు విసుక్కునేదాకా వాగే పిల్ల అది.

"సరే వదినా, ఉంటాను మరి."

"ఆగు బాబూ, ఆగు. దానికోసారి ఇవ్వు."

 కుర్చీ జరిపిన చప్పుడైంది.

"పడుకుంది వదినా," అన్నాడు. "లేపనా?"

ఎదురుగా యంత్రం ఖాళీగా తిరుగుతోంది. సూపర్‌వైజర్ దాన్ని ఆపేసి, ఆవిడ పక్కన వచ్చి నిలబడ్డాడు.

"లేపు," అంది ఆవిడ. "లేపు నాయనా, నీకు పుణ్యముంటుంది. ఒక్కసారి లేపు."