మంచులో ముందు నడిచినవాడు

లిదియా అబద్ధం ఆడి బస్సెక్కింది. ఆ అబద్ధం టికెట్ తీసుకునేదాకా కూడా నిలవలేదు.

"డ్యూటీల ఉన్ననే అమ్మా, మళ్ల చేస్త," అంది ఫోన్లో.

అవతల నారాయణఖేడ్‌లో ఉన్న రిబ్కమ్మ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "డ్యూటీల హారన్ మోగుతదా పిల్లా?"

"ఆంబులెన్సే అమ్మా."

"ఆంబులెన్స్‌ల టికెట్ టికెట్ అని ఒర్లుతున్నడు ఎవడే?"

లిదియా నవ్వు ఆపుకుని ఫోన్ పెట్టేసింది. హిమాచల్‌లోని ఆ చిన్న పట్టణానికి నర్సుగా వచ్చాక ఆమెకు ఇదే మొదటి చలికాలం. తోటి నర్సులంతా తమ ఫోన్లలో కొండమీది మంచు చెరువుల్ని చూపించి ఊరించారు. తీరా సెలవు దొరికిన రోజు తోడు వచ్చేవాళ్లు ఒక్కరూ లేరు. ఒంటరిగా కొండల్లోకి పోతున్నానంటే అమ్మ అన్నం మానేస్తుంది. అందుకే ఆ అబద్ధం.

చివరి స్టాపులో దిగుతుంటే కండక్టర్ వేలు చూపించి మరీ చెప్పాడు. ఖేడ్‌లో ఉర్దూ వింటూ పెరిగింది కాబట్టి అతని హిందీ ఆమెకు బాగానే అర్థమైంది.

"మూడింటికి బస్సు తీస్తాం. మంచు ఎక్కువైతే ఇంకా ముందే. దీని తర్వాత బస్సు లేదు. చలికాలం హోటళ్లన్నీ మూసేస్తారు. దారి మాత్రం వదలొద్దు."

రెండు చెరువులున్నాయి. కింది చెరువు స్టాపు పక్కనే ఉందన్నారు గానీ, పొద్దున పొగమంచులో చెయ్యి చాపితే చెయ్యే కనబడలేదు. వచ్చేటప్పుడు చూద్దాంలే అనుకుని ఆమె పై చెరువుకు ఎక్కింది.

పై చెరువు చూసి అలాగే నిలబడిపోయింది. మూడు వైపులా తెల్లటి కొండలు. ఒడ్డున గాజు పలకల్లాంటి మంచు, నడుమ నల్లటి నీళ్లు. ఫోటోలు తీసుకుంది, తెచ్చుకున్న చపాతీలు తింది. కాసేపు ఈ లోకంలో తనకు ఎవరితోనూ పనిలేదనిపించింది.

తిరుగుదారి పట్టేసరికి మంచు మొదలైంది. మొదట దూదిపింజల్లా రాలింది. తర్వాత గాలి తోడై మొహం మీద ఇసుకలా కొట్టింది. కొండ దిగాక చూసుకుంటే దారి లేదు. ముందు తెలుపు, వెనక తెలుపు.

అప్పుడే ఎదుటి నుంచి బస్సు హారన్ వినబడింది.

బస్సు కదలబోతోందనుకుంది లిదియా. పోయిన వారమే ఆమె వార్డుకు ఒక గొర్రెల కాపరిని తెచ్చారు. ఒక్క రాత్రి కొండమీద చిక్కుకున్నందుకు అతని కాలివేళ్లు బొగ్గులా నల్లబడ్డాయి. కట్టు కట్టింది తనే. ఈ బస్సు తప్పితే తనకూ అదే గతి.

జేబులో ఫోన్ మోగింది. తండ్రి మత్తయి.

"ఏడున్నవ్ బిడ్డా? మీ అమ్మ పొద్దుగాల్నుంచి నా పానం తింటున్నది."

వెనక కంది నూర్పిడి మిషన్ మోత. ఆ మోత వినగానే లిదియా ఇక అబద్ధం ఆడలేకపోయింది. అంతా చెప్పేసింది.

మత్తయి తిట్టలేదు. "పరేషాన్ గాకు. ఎదురుంగ ఏముంది?"

"ఏం లేదు నాయినా. సాపుగ చేను లెక్కుంది. అంతా మంచే."

"ఎవలన్నా నడిచిన అడుగులున్నయా?"

ఉన్నాయి. పెద్ద బూట్ల అడుగులు. సగం పూడినా ఇంకా కనబడుతున్నాయి. నేరుగా హారన్ వినబడిన వైపే పోయాయి.

"ఇంకేంది మరి. అడుగుల అడుగేసి నడువు. పక్కకు పోకు. యాదుందా, మన చెరువు?"

ఎందుకు గుర్తులేదు? ఊళ్లో చెరువు నీళ్లు వెనక్కి తగ్గాక, బయటపడ్డ శికం నేలలో శనగ వేసేవాళ్లు. తండ్రికి సద్ది పట్టుకుని ఆ నేల మీదుగానే పోవాలి. పైన ఎండినట్టే ఉంటుంది, అడుగున ఒండ్రు. ముందు నడిచినవాడి అడుగులో అడుగేస్తే గట్టిగా ఉంటుంది. జానెడు పక్కకు వేస్తే తొడదాకా దిగుతుంది. ఊళ్లో నడక రాగానే పిల్లలకు నేర్పే పాఠం అది.

లిదియా మొదటి అడుగులో కాలు పెట్టింది. దిగలేదు. రెండోది. మూడోది.

"ఫోన్ పెట్టకు నాయినా."

"పెడ్తలేను, నడువు."

గాలి హోరు. హారన్ మళ్లీ మోగింది, ఈసారి దగ్గరగా. లిదియా నడక పెంచింది. కొంత దూరం పోయాక ఎడమ పక్కన మంచులోంచి ఏదో రంగు కనబడింది. పసుపుపచ్చగా, మొనదేలి. బండి అనుకుంది. పొలంలో వదిలేసిన బండేమో. దగ్గరికొచ్చాక చూసింది.

పడవ. సగం మంచులో కూరుకుపోయిన పడవ.

చేనులో పడవ ఎందుకుంటుంది?

ఆమె కాళ్లు ఆగిపోయాయి. కిందికి చూసింది. తను నిలబడిన అడుగులోకి నీళ్లు ఊరుతున్నాయి. బూటు చుట్టూ మంచు బూడిదరంగుకు తిరుగుతోంది. ఎక్కడో లోతున, ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు ఆమె కాళ్లకింది నుంచి దూరంగా పరుగెత్తుకుంటూ పోయింది.

"ఆగినవేంది? నడువు బిడ్డా."

"నాయినా, ఇది చేను గాదు. చెరువు."

"చెరువైతే ఇంకా మంచిదే. అడుగులల్లనే నడువు."

లిదియా ముందుకు చూసింది. నాలుగు బారల దూరంలో అడుగులు తిన్నగా వెళ్లి ఒక నల్లటి మడుగు దగ్గర ఆగాయి. మడుగు అంచులు విరిగి ఉన్నాయి. నీళ్లమీద ఎర్రటి ఉన్నిటోపీ ఒకటి మెల్లగా తిరుగుతోంది. అవతలి వైపు మంచు మీద ఒక్క అడుగు కూడా లేదు.

"అడుగులు అయిపోయినయి నాయినా," అంది.

"అయిపోవుడేంది? లిదియా?"

చలికి బ్యాటరీ పడిపోయి ఫోన్ ఆరిపోయింది.

ఆమె గట్టిగా పిలిచింది. "ఎవరైనా ఉన్నారా? భాయ్‌సాబ్?" టోపీ ఒక చుట్టు తిరిగింది. నీళ్ల మీద బుడగ కూడా లేదు. అప్పటికే మడుగు అంచున సన్నటి పొర కడుతోంది. అలాంటి నీళ్లలో మనిషి ఎంతసేపు ఉంటాడో ఆమెకు తెలుసు. అయినా ఒక అడుగు ముందుకు వేయబోయింది. కాలికింద పలక ఒరిగింది.

చీలమండల దాకా నీళ్లు. లిదియా ధబాలున బోర్లా పడింది.

వెనక్కి పోవాలి. ఎలా? తను వచ్చిన అడుగులు కళ్లముందే నీళ్లు నిండి నల్లటి గుంటలవుతున్నాయి. ఒకరు తొక్కిన చోటే తనూ తొక్కింది. మంచుపొరకు ఉన్న కాస్త బలాన్నీ తనే ఊడగొట్టుకుంటూ వచ్చింది. చిన్నప్పటి నుంచి ఒంట్లో నాటుకున్న పాఠం ఇక్కడ చంపే పాఠం.

అడుగులు వదిలేయాలి. ఎవరూ తొక్కని తెలుపులోకి పోవాలి. ఆమె ఒళ్లంతా వద్దంటోంది.

కళ్లు మూసుకుని చేతులు తలమీదికి చాపి, పక్కకు దొర్లింది. ఖేడ్ దగ్గర జాతరలో పక్కింటి శంకరమ్మ గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టడం చిన్నప్పుడు గోడెక్కి చూసేది. అచ్చం అలాగే. ఒక పొర్లు. మంచు మూలిగింది. ఇంకో పొర్లు. మొహం నిండా మంచు, నోట్లో మంచు. ఆకాశం, తెలుపు, ఆకాశం, తెలుపు. "యేసయ్యా" అనడానికి కూడా ఊపిరి చాలలేదు. ఒకసారి మోచేయి లోపలికి దిగింది. లాక్కుని దొర్లింది. కింద చప్పుడు ఆమె వెన్నంటే వచ్చింది. తర్వాత కొంచెం వెనకబడింది. తర్వాత ఆగింది.

భుజానికి రాయి తగిలింది. ఇంత నొప్పిగా తగిలిన రాయిని ఆమె ఎప్పుడూ వాటేసుకోలేదు.

ఒడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చేసరికి బస్సు ఇంకా అక్కడే ఉంది. కండక్టర్ ఎదురు పరుగెత్తుకొచ్చాడు. కప్పుకోడానికి తన కోటు ఇచ్చాడు. ఆమె భుజం మీదుగా వెనక్కి తొంగిచూస్తూ అడిగాడు.

"ఇంకొకతను మీ వెనకాల ఉన్నాడా? పైకి పోయింది ఇద్దరు. కెమెరా మెళ్లో వేసుకున్నతను."

"టోపీ ఏ రంగు?" అంది లిదియా.

"ఎరుపు."

ఆమె చెయ్యెత్తి చెరువు నడిమికి చూపించింది. ఆ చెయ్యి కిందికి దించడానికి చాలాసేపు పట్టింది.

డ్రైవరు ఊళ్లోకి పరుగెత్తాడు. నిచ్చెన, తాళ్లతో నలుగురు మగవాళ్లు వచ్చారు. ఒడ్డున నిలబడ్డారు. ఎవరూ మంచు మీద కాలు పెట్టలేదు.

బస్సెక్కి కూర్చుని, కండక్టర్ ఫోన్ అడిగి తీసుకుని లిదియా ఇంటికి చేసింది. మత్తయి మొదటి రింగుకే ఎత్తాడు.

"గడ్డకొచ్చినవా బిడ్డా?"

"వచ్చిన నాయినా."

అటు చాలాసేపు ఏడుపు. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "నేను జెప్పలే? ముందు నడిచినోని అడుగుల నడిస్తే ఏం గాదని."

"లేదు నాయినా. అడుగులు ఇడిసిపెట్టి, పొర్లుకుంట వచ్చిన."

అవతల ఎవరో నూర్పిడి మిషన్ ఆపేశారు.

"మరి గా ముందు నడిచినోడు?" అన్నాడు మత్తయి.

లిదియా తల ఎత్తి చూసింది. ముందు సీట్లో ఒక సంచి, దాని మీద సగం తిన్న బిస్కెట్ పొట్లం. కిటికీ బయట నలుగురూ నిచ్చెనను మంచు మీద పడుకోబెట్టి, ఎవరు ముందు పోవాలని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

"ఆయన కోసమే బస్సు ఆగింది నాయినా," అంది.