ఒంట్లో ఐరన్ ఉందా?

నేను ఒక కరెంటు మిషన్ని. అసలు పేరు షార్ట్‌వేవ్ డయాథెర్మీ. చీరాలలో ఆ పేరు నోరు తిరిగి పలికిన పేషెంటు ఇంతవరకూ నాకు తగల్లేదు. "కరెంటు పెట్టించుకోను వచ్చాం" అంటారు, ఇస్త్రీకి బట్టలు తెచ్చినట్టు. పోనీలే అనుకున్నాను. పేరు పలకడం రానంత మాత్రాన ఎవరి ఒళ్లూ కాలదు. అడిగినవాడు ఒకటి అడిగి, విన్నవాడు ఇంకొకటి వింటేనే కాలుతుంది. ఈ మనుషులు అందులో మహా గట్టివాళ్లు.

పుట్టింది మద్రాసు పొలిమేరలో ఒక రేకుల షెడ్డులో. నా కడుపులో మంట ఉండదు, నీళ్లు కాగవు. నా రెండు రబ్బరు ప్యాడ్ల మధ్య మనిషి నడుమో కాలో పెడితే, చర్మం దాటి లోపలి కండలో వేడి పుట్టిస్తాను. వేడినీళ్ల సంచి చర్మం దగ్గరే ఆగిపోతుంది, నేను ఆగను. అందుకే నేనంటే కాస్త భయం ఉండాలి. నన్ను అమ్మినవాడు ఆ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. నా రంగు ఎన్నేళ్లయినా వెలవదని మాత్రం గంటసేపు చెప్పాడు.

కొన్నది హైమావతి. మార్కెట్టు వెనక సందులో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకున్న మనిషి. ఆవిడ పేషెంటు నోటిని నమ్మేది కాదు, తన చేతిని నమ్మేది. నొప్పి ఉన్నచోటంతా అరచేత్తో తడిమి, "ఈ కుట్లేంది పిన్నీ, ఎప్పుడు పడ్డాయి?" అని ఆరా తీసేది. చెమట పడితే తువ్వాలుతో శుభ్రంగా ఒత్తేది. తడి ఉన్నచోట నేను మీద పడి కాలుస్తానని ఆవిడకు తెలుసు. వేడినీళ్లు పోసిన గాజు గొట్టం ఒకటి, చన్నీళ్లది ఒకటి చర్మానికి ఆనించి, కళ్లు మూయించి, ఏది ఏదో చెప్పమనేది. షుగరు ముదిరి స్పర్శ తగ్గినవాళ్లు తడబడితే, ఎంత బతిమాలినా నన్ను వాళ్ల దగ్గరికి చేరనిచ్చేది కాదు.

ఇక ఆడవాళ్ల మెడలో సూత్రాలు, ఆ సూత్రాలకు గుత్తిగా పిన్నీసులు. అదొక ఇనుప దుకాణం. లోహం ఎక్కడుంటే నా వేడంతా అక్కడే పోగై కాలుస్తుంది. మెడనొప్పి అని వచ్చి, సూత్రం తియ్యమంటే మొగుడి ప్రాణం అడిగినట్టు చూసేవాళ్లు. హైమావతి వాదన పెట్టుకునేది కాదు. అల్మారాలోంచి పసుపుకొమ్ము కట్టిన దారం తీసి ముందు అది మెడలో వేసేది, తర్వాత సూత్రం తీయించేది. అటు మొగుడికీ ఢోకా లేదు, ఇటు మెడకీ ఢోకా లేదు.

"వెచ్చగా తెలియాలి, అంతే. కాలినా ఓర్చుకున్నానని గొప్పలు చెబితే ఇంటికి పంపించేస్తా" అని ప్రతివాళ్లకీ చెప్పేది. ఓర్చుకోవడం వీళ్లకు పెద్ద గొప్ప మరి. సూది గుచ్చితే నొప్పి పుట్టాలి, మందు తాగితే చేదెక్కాలి, మిషను పెడితే మండాలి. సుఖంగా తగ్గిందంటే ఏదో మోసం జరిగిందని అనుమానం.

ఆవిడ చేతులు వణకడం మొదలైంది. ఆ రోజే పని మానేసింది. చెయ్యి వణికితే మానేసే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తర్వాత క్లినిక్ భానుమూర్తిది అయింది. హైమావతి దగ్గరే పని నేర్చుకున్నవాడు. చెడ్డవాడైతే నాకు తిట్టుకోను సులువుగా ఉండేది. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఆవిడ తడిమి, అడిగి, ఆరా తీసినదంతా ఇతను ఒక్క ముక్కకు కుదించాడు. "ఒంట్లో ఐరన్ ఉందా?" అదీ కుర్చీలోంచి లేవకుండానే. తన తెలివికి తనే మురిసిపోయేవాడు కూడా.

అలాంటి రోజున సౌభాగ్యమ్మ వచ్చింది. సైకిలు చక్రంతో చేసిన రాట్నం ముందు కూర్చుని, మగ్గాలకు నూలు కండెలు చుట్టే మనిషి. తొడ సలుపుతో కాలు మడత పడటం లేదు. కాలు మడవకపోతే రాట్నం లేదు, రాట్నం లేకపోతే ఆవిడకు తోచదు, గడవదు. మళ్లీ రాట్నం ముందు కూర్చోవాలి, అంతకుమించి ఆవిడ ఏమీ అడగలేదు.

"పెద్దమ్మా, ఒంట్లో ఐరన్ ఉందా?" అన్నాడు భానుమూర్తి, ఫోను చెవికి ఆనించుకునే.

"ఎక్కడిదయ్యా. అసలు లేదని మొన్న పెద్దాసుపత్రిలో చెప్పారు. మాత్రలు గూడా ఇచ్చారు."

అతనికి 'లేదు' వరకే వినపడింది. ఒంట్లో రాడ్డు లేనందుకు ఏ డాక్టరైనా మాత్రలిస్తాడా? ఈపాటి అనుమానం మేకపిల్లకైనా వస్తుంది. చీర పైకి జరపమనడానికి మొహమాటపడి, చీర మీదే తువ్వాలు చుట్టి, ప్యాడ్లు కట్టేశాడు. కాస్త చీర జరిపి ఉంటే తుంటి మీద పాత కుట్లు కనపడేవి. ఎంత మర్యాదస్తుడో చూడండి.

కాలుతుంటే పేషెంటు నొక్కడానికి నాకొక మీట ఉంది. హైమావతి దాన్ని వాళ్ల వేళ్ల మధ్య పెట్టి ఒకసారి నొక్కించి మరీ చూసేది. భానుమూర్తి, వైరు కాళ్లకు అడ్డం వస్తోందని, దాన్ని గోడ మేకుకు తగిలించి ఉంచాడు.

స్విచ్చి వెయ్యగానే నాకు తెలిసిపోయింది. తుంటి నుంచి మోకాలి పైదాకా, ఎముక లోపల నా జాతివాడొకడు పడుకుని ఉన్నాడు. నా వేడంతా పోయి వాడి చుట్టూ పోగవుతోంది. చెబుదామంటే నాకు గొంతు లేదు. ఉన్నదల్లా ఒక ఎర్రలైటు. అంతా బాగున్నా వెలుగుతుంది, ఏదీ బాగాలేకపోయినా వెలుగుతుంది. నా బతుకులో నన్ను నేను అసహ్యించుకున్నది అప్పుడే.

సౌభాగ్యమ్మ కొంగు పళ్ల మధ్య పెట్టుకుంది. పక్క మంచం మీద మెడకు పట్టీ కట్టుకున్నావిడ చూసి, "ఏందత్తా, మండుతోందా?" అంది.

"మండాలమ్మా. మండకపోతే అదేం వైద్యం?" అని, గర్వంగా, "రాడ్డు పొడుగూతా వేడి పట్టేసింది చూడు. అది వేసిన డాక్టరు గూడా ఇంత లోపలికి దిగలేదు" అంది.

భానుమూర్తి చేతిలోంచి ఫోను జారింది. ఒక్క అంగలో వచ్చి నా ప్లగ్గు పీకాడు.

"ఐరన్ లేదన్నావు గదా పెద్దమ్మా."

"లేదు గదయ్యా, రక్తంలో. ఇది రాడ్డు. ఆటో తిరగబడ్డప్పుడు వేశారు. నువ్వు రాడ్డు ఉందా అని అడగలేదే?"

అతను గబగబా ప్యాడ్లు ఊడదీశాడు.

పైకి చర్మం కాస్త ఎర్రబడింది, అంతే. లోపల కాలింది. వారం తిరక్కుండా పుండై పగిలింది. కోసి శుభ్రం చేసిన డాక్టరు, ఇంకాసేపు ఉంచితే ఎముక దాకా పోయేదన్నాడట. పుండు మానింది గానీ ఆ కాలు మళ్లీ మడత పడలేదు. ఆవిడ మాత్రం ఊరంతా, "ఆ బాబు మంచోడే, మిషనే మంచిది కాదు" అని చెప్పింది. ఆ బాబు కాదనలేదు. మిషను పాతబడిపోయిందని తనూ నలుగురికీ చెప్పి, నన్ను రిక్షా ఎక్కించాడు. తప్పు చేసినవాడూ, కాలినావిడా ఇంత ఒద్దికగా ఒక్క మాట మీద నిలబడటం నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు నేను మస్తాన్ తుక్కు కొట్టులో ఉన్నాను. ప్యాడ్లు ఎవరో కోసుకుపోయారు. ఎర్రలైటు పగిలింది, పీడా పోయింది.

ఇవాళ పొద్దున సౌభాగ్యమ్మ వచ్చింది, కర్రలా బిగుసుకున్న కాలు ఈడ్చుకుంటూ. రాట్నం తెచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు, నావైపు చూడను కూడా లేదు. మస్తాన్ రాట్నాన్ని ఒకసారి తిప్పి చూసి, "ఇందులో ఐరన్ ఉందా పిన్నీ?" అన్నాడు.

ఆవిడ చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఏ ఐరన్ అడుగుతున్నావో సరిగ్గా అడుగు నాయనా" అంది.

మస్తాన్ జేబులోంచి అయస్కాంతం తీసి, కిందికి వంగి, చక్రం, ఇరుసు, పిడి, ఒక్కొక్కచోటే ఆనించి ఓపిగ్గా చూశాడు.